కాపీకి కాపీ

1986 నవంబర్ 3

జయన్న సార్ నా రిపేరు షాపుకు టేప్ రికార్డర్ సర్వీసింగ్‌కు తెచ్చినాడు. ఆదోని కాలేజీలో లెక్కలు చెప్తాడు. జర్మనీ నుంచి ఫ్రెండు పంపిన క్యాసెట్ వేసి చూడమన్నాడు. వాయిలిన్ల మీద ఒకటే ముక్క, మళ్ళీ మళ్ళీ. పోనుపోనూ నిదానమవుతాంది, శ్రుతి దిగుతాంది. బెల్టు లూజయ్యింది, ఇంకేముంది.

నవంబర్ 5

బెల్టు మార్చినా. మోటారు విప్పినా. అదే రోగం.

సార్ వచ్చి ఒకటే నవ్వు. మిషన్ బాగానే ఉందంట, సంగీతమే అంతంట. కొంచెం కొంచెం మారతా పోతుందంట. మారేది చెవికి తెలీదంట, రివైండ్ చేసి మొదలు వింటేనే తెలుస్తాదంట. ఇదేం కచేరీనో. వారం పెట్టుకొని వినమన్నాడు.

నవంబర్ 10

షాపులో అదే వింటాండా. భయమేస్తాంది. ఎందుకో తెలీదు.

నవంబర్ 11

తెలిసింది.

మా కొడుకు రసూలు కువైట్‌లో డ్రైవరు. మాటలు రికార్డు చేసి క్యాసెట్ పంపినాడు. అది అందిన నెలకే యాక్సిడెంట్‌లో పోయినాడు. అసలు టేపు కోడలు మదార్‌బీ ఎమ్మిగనూరుకు, పుట్టింటికి తీసుకుపోయింది. అంతకుముందే నేనొక కాపీ తీసుకున్నా. నా భార్య షాహిదా పొయ్యి కాడ పెట్టుకొని రోజూ వింటాది. టేపు అరిగితే దాన్నుంచి ఇంకోటి ఎక్కిస్తా. అదీ అరిగితే దాన్నుంచి మళ్ళీ.

ఈపొద్దు ఇంటికి పోయి, సార్ క్యాసెట్ విన్నట్ల దాన్ని విన్నా. అంతా రొద. అమ్మీ అనే పిలుపు తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. షాహిదా మాత్రం వాడు అడిగినదానికల్లా జవాబు చెప్తాంది.

నవంబర్ 13

ఎమ్మిగనూరు పోయినా. కోడలు టేపు ఇయ్యననింది. నాకు ఇంకేం మిగిలింది మామా అనింది. కడకు తనే తెచ్చి వినిపిస్తాననింది.

నవంబర్ 19

కోడలు వచ్చింది. టేపు వేసినాం. వాడు పక్కన కూర్చున్నట్లే ఉంది. మధ్యలో దగ్గింది గూడా వినపడింది. నేను ఏడ్చినా, కోడలు ఏడ్చింది.

షాహిదా కొంగు నోటికడ్డం పెట్టుకొని కడదాకా వినింది. తర్వాత కోడల్ని అడిగింది, ఎవురి పిల్లోడమ్మా, అమ్మను ఇంతగా తలుచుకుంటాండాడు, వాళ్ళమ్మ బతికే ఉందా అని.

నవంబర్ 20

పొద్దున బస్సుకు కోడలు పోయింది. కాపీ చేసుకోమని తనే చెప్పింది. చేసుకోలేదు. కొత్త క్యాసెట్ మీదికి ఇంట్లోని టేపునే ఎక్కించినా. షాహిదాకు కొడుకు కావల్ల గదా.

మధ్యాహ్నం ఆమె వాణ్ణి అన్నం తింటివా అని అడిగింది. తింటి అన్నాడు. ఈసారి నాకూ వినపడింది.