పద్నాలుగో రోజు

మే 6

ఈ సర్కారీ క్యాంప్‌గ్రౌండ్‌లో సైట్ నంబర్ వన్ నాది. కొయ్యకు బోర్డు కూడా కొట్టారు: హోస్ట్, మార్లిస్. ఆరేళ్లుగా మంచం, పొయ్యి ఉన్న ఈ మోటారు బండిలోనే కాపురం. నా పేరు ఒక చోట కొయ్యకెక్కడం ఇదే మొదలు.

కరెంటు ఫ్రీ, నీళ్లు ఫ్రీ, మురుగు పైపు ఫ్రీ; బండివాళ్లు దీన్నే ఫుల్ హుకప్ అంటారు. బదులుగా వారానికి పాతిక గంటల పని. మరుగుదొడ్లు కడగాలి. నెగడు గుంతల్లో బూడిద ఎత్తాలి. జనం సైట్ అద్దె డబ్బు కవర్లలో పెట్టి వేసే ఇనప పెట్టె తెరిచి, కవర్లు విప్పకుండా డ్వైట్‌కు అప్పగించాలి. డ్వైట్ మా సూపర్‌వైజర్. వారానికోసారి పికప్‌లో వస్తాడు, మనిషి మాట తక్కువ.

పావుగంట సేపు వేణ్ణీళ్ల స్నానం చేశాను. త్వరగా కానివ్వమని ఎవరూ తలుపు తట్టలేదు.

మే 7

ఈ రోజు కూడా పావుగంట.

మే 15

కట్టెలు అమ్మే వెస్లీ వచ్చాడు. కొండ మీది క్యాంప్‌గ్రౌండ్‌లో నాలుగేళ్లు హోస్ట్‌గా ఉన్న రస్‌ను పోయిన ఏడాది ఒక్క రోజులో పొమ్మన్నారట. స్నేహితుల్ని పద్నాలుగు రోజుల గడువు దాటినా ఉండనిచ్చాడని అందరూ అనుకుంటున్నారట. ఆ మాట చెప్పి, కట్టెలు దించి, కాఫీ తాగి పోయాడు. నాకు మాత్రం పని చేస్తున్నంత సేపూ రస్ గుర్తొస్తూనే ఉన్నాడు. నేను అతణ్ణి చూడనైనా లేదు.

మే 22

ఓపల్ ఫోన్ చేసింది. ఇటు వస్తోందట!

చేపల ఫ్యాక్టరీ మూతపడి, ఇంటి అద్దె కట్టలేక, ఉన్నదంతా ఊడ్చి ఈ బండి కొన్నాను. ఆ మొదటి చలికాలం అరిజోనాలో ఒక ప్రైవేటు పార్కులో రోజుకు నలభై ఐదు డాలర్లు పోసి ఉండేదాన్ని. పక్క బండివాళ్ల గుడారం జిప్పు కుట్టడానికి ఓపల్ కుట్టు మిషన్ పట్టుకుని వచ్చింది. నా రసీదు చూసి, అంత డబ్బు పోసి కంకర మీద పడుకోవడానికి పిచ్చా వెర్రా అని అడిగింది. మర్నాడే తన వెంట ఎడారిలోకి తీసుకెళ్లింది.

నాకు తెలిసిందంతా ఆమె నేర్పిందే. సర్కారు భూమిలో పద్నాలుగు రోజులు ఊరికే ఉండొచ్చు. పదిహేనో రోజుకు పాతిక మైళ్లు జరగాలి. కొట్ల ముందు రాత్రికి బండి ఆపుకోవాలంటే మేనేజర్‌ను అడగాలి, పొద్దున్నే వెళ్లిపోవాలి, పోయేముందు కనీసం రొట్టె అయినా కొనాలి. చోటు అడిగేటప్పుడు బండి దిగి అడగాలి, కిటికీలోంచి కాదు. ఎవరి దగ్గరైనా ఏదైనా చిరిగి ఉంటే కుట్టి పెట్టు, వాళ్ల వాకిట్లో రెండు రోజులు చోటు దొరుకుతుంది అనేది. నాకు కుట్టడం రాదు. నా వంతు కూడా ఆమే కుట్టేది.

మే 29, సాయంత్రం 4

వచ్చింది. సైట్ పద్నాలుగు తీసుకుంది, వాగు పక్క వరుసలో చివరిది. పెద్దవాళ్లకిచ్చే సీనియర్ పాస్ ఉంది కాబట్టి అద్దె సగమే, రోజుకు పదకొండు డాలర్లు. పద్నాలుగు రోజులకూ లెక్కపెట్టి కవర్లో వేసి, నా చేతికివ్వకుండా పెట్టెలోనే వేసింది. డెబ్భై ఏడేళ్లు. కాస్త చిక్కింది.

నా చొక్కా మీది బ్యాడ్జి వేలితో తట్టి, మొత్తానికి సర్కారీ మనిషివి అయిపోయావు, ఇక నీకు సలాం కొట్టాలి కాబోలు అంది. బంగాళాదుంపలు, సాసేజ్ వేయించాను. రెండుసార్లు పెట్టించుకుంది.

జూన్ 4

డ్వైట్ పికప్ మీది టార్పాలిన్ చిరిగి ఉంటే ఓపల్ కుట్టి ఇచ్చింది. డబ్బు ఇవ్వబోతే వద్దంది. అతను నవ్వడం చూడటం ఇదే మొదటిసారి.

జూన్ 9

ఓపల్ కుడి పాదం వాచింది. చెప్పు పట్టడం లేదు. బొటనవేలి పక్కన పుండు. ఆమెకు షుగర్ ఉంది. ఊళ్లో క్లినిక్‌కు ఫోన్ చేస్తే ఇరవయ్యో తేదీకి రమ్మన్నారు. నేను తీసుకెళ్తానన్నాను.

ఆమె గడువు పన్నెండుకు అయిపోతుంది. ఆ సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

జూన్ 11

డ్వైట్ వచ్చాడు. కవర్లు లెక్కపెట్టుకున్నాడు. ఓపల్‌కు ఇంకొన్ని రోజులు అడుగుదామని రెండుసార్లు పికప్ దాకా వెళ్లాను. రస్ గుర్తొచ్చాడు. మరుగుదొడ్ల కాగితం అయిపోయిందని చెప్పి వచ్చేశాను.

జూన్ 12, సాయంత్రం

చెప్పేశాను. పొద్దున్నుంచి బూడిద ఎత్తుతూ, ఎలా చెప్పాలో మనసులో అల్లుకుంటూనే ఉన్నాను. తీరా వెళ్తే ఆమె కుర్చీలో కూర్చుని, కాలు ఇంకో కుర్చీ మీద పెట్టుకుని ఎవరిదో బ్యాగు కుడుతోంది. నేను రూల్ అన్నాను, పైవాళ్లు అన్నాను, నా చేతుల్లో లేదన్నాను.

దారం కొరికి నా వైపు చూసింది.

"పద్నాలుగు రోజుల లెక్క నీకు నేర్పింది నేనే కదే. నాకు చెప్పాలా?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

చక్రాల కింది చెక్కలు నేను లాగాను. బండి వెనక్కి తీస్తుంటే ముందు నిలబడి చేయి ఊపాను. వాచిన కాలితోనే తొక్కుతోంది, చెప్పు లేకుండా, ఉన్ని మేజోడు వేసుకుని. పాతిక మైళ్ల దూరంలో, కొండ పైన అడవి దారిలో ఫ్రీ చోటు ఉంది, అక్కడికి పోతానంది. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. ఇరవయ్యో తేదీ పొద్దున్నే వస్తానన్నాను. సరేనంది.

మధ్యాహ్నానికి పద్నాలుగులోకి పిల్లలున్న కుటుంబం దిగింది.

జూన్ 17

నాకు సెలవు. పైకి వెళ్లి చూసి రావాలనుకున్నాను. పోను రాను యాభై మైళ్లు, మట్టి రోడ్డు, పెట్రోలు. ఎలాగూ ఇరవైకి వెళ్లేదే కదా అనుకుని బట్టలు ఉతుక్కున్నాను.

జూన్ 19

డ్వైట్ ఒక రోజు ఆలస్యంగా వచ్చాడు. కుట్టుపనావిడ ఏదని అడిగాడు. పద్నాలుగు రోజులు అయ్యాయని పంపేశానన్నాను. నా గొంతులో కాస్త గొప్ప ఉంది. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆ మాట రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

ఆమె కుంటుతోంది కదా అన్నాడు. షుగర్ పుండు, ఇరవైకి డాక్టరు అన్నాను.

డ్వైట్ చెప్పాడు, డాక్టరు పనైతే ఇంకో పద్నాలుగు రోజులు ఇవ్వొచ్చని, దానికో చీటీ ఉందని. పికప్ డ్రాయరు లాగి చీటీల పుస్తకం చూపించాడు. పోయిన వేసవిలో పది పన్నెండు రాశాడట.

"ఒక్క మాట అడిగి ఉండాల్సింది మార్లిస్. అక్కడే రాసిచ్చేవాణ్ణి."

రస్ సంగతి అడిగాను. రస్ డబ్బు కవర్లు విప్పాడట. గడువులకూ దానికీ సంబంధమే లేదు.

అతను వెళ్లగానే బండి తీశాను. నీళ్ల పైపు విప్పడం కూడా మర్చిపోయి లాగేశాను, తెగింది. పైన చోటు ఖాళీ. గడ్డి మీద టైర్ల గుర్తులు. కొంచెం దూరంలో కట్టెలు కొడుతున్న వెస్లీని అడిగాను. నిన్న పొద్దున ఆమె బండి హారన్ ఆగకుండా మోగుతుంటే వెళ్లి చూశాడట. స్టీరింగు మీద వాలిపోయి ఉందట, ఒళ్లు కాలిపోతోందట. అతనే తన బండిలో సిగ్నల్ ఉన్న రోడ్డు దాకా తీసుకొచ్చి అంబులెన్స్ పిలిపించాడు. బండిని వేరే బండితో లాక్కెళ్లారు.

జూన్ 20

ఆస్పత్రి. సగం పాదం తీసేశారు.

తెలివిలోనే ఉంది. ఇక బ్రేకు తొక్కలేను, రెండు డాలర్లు పోసి కొన్న చెప్పుల్లో ఒకటి వృథా అయింది అంది. నెబ్రాస్కా నుంచి మేనల్లుడు లైల్ వస్తున్నాడట. బండి అమ్మేస్తాడట. ఆస్పత్రి మంచాలకు కరెంటు, నీళ్లు, పైపు అన్నీ ఉన్నాయి చూడు, ఫుల్ హుకప్, అంది. నర్సు నవ్వింది. నేనూ నవ్వాను.

చీటీ సంగతి చెప్పడానికే వెళ్లాను. చెప్పలేదు.

జూన్ 24

లైల్ వచ్చి తీసుకెళ్లాడు. కుట్టు మిషన్ నన్ను ఉంచుకోమంది. నాకు కుట్టడం రాదని ఆమెకు తెలుసు. తీసుకున్నాను.

జూలై 4

నలభై సైట్లూ నిండాయి. ఒకాయన ఇంకో రెండు రోజులు ఉండనివ్వమని అడిగాడు. కారణం కూడా అడగకుండా డ్వైట్‌కు ఫోన్ చేశాను. చీటీ దొరికింది. ఆయన చేపలు పట్టుకోవడానికట.

ఆగస్టు 18

ఓపల్‌కు ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను. ఇది మూడోది.

సెప్టెంబర్ 14, మధ్యాహ్నం

ఓపల్ ఫోన్ చేసింది. లైల్ ఇంటి కింది గదిలో ఉంటోంది. కిటికీలోంచి కార్ల చక్రాలు తప్ప ఏమీ కనబడవట. ఎవరి చక్రాలు అరిగాయో వీధి మొత్తానికి చెప్పగలనంది.

ఇక ఆపుకోలేకపోయాను. చీటీ ఉందని, ఒక్క మాట అడిగితే ఇచ్చేవారని, నేను అడగలేదని చెప్పేశాను. నా చోటు పోతుందని భయపడ్డానని కూడా చెప్పాను.

అవతల టీవీ వినిపిస్తోంది.

"తెలుసే. ఇంతకు ముందు రెండు చోట్ల అలాంటి చీటీ ఇచ్చారు నాకు."

మరి నాతో ఎందుకు అనలేదని అడిగాను.

"నువ్వు అడుగుతావేమో అనుకున్నా."

తర్వాత వాతావరణం గురించి మాట్లాడింది. లైల్ భార్య సూపులో ఉప్పు వేయదట. ఫోన్ బిల్లు వాళ్లదని, ఎక్కువసేపు మాట్లాడకూడదని పెట్టేసింది.

సెప్టెంబర్ 30

చలికాలానికి గేటుకు తాళం వేశాం. వచ్చే ఏడాది కూడా ఉంటావా అని డ్వైట్ అడిగాడు.

ఉంటానన్నాను.