విడిచిపెట్టిన ఇంటి రేటు

జూలై 9, మంగళవారం

ఇవాళ్టికి బుద్ధొచ్చింది. వేములవాడలో రోజు కిరాయికిచ్చే ఇళ్లు క్లీన్ చేసే పని పెట్టుకుని నాలుగు నెలలు. ఇప్పటికీ ఇంటికి నాలుగు వందలే అడుగుతున్నాను. సోమవారం దర్శనానికొచ్చినవాళ్లు ఖాళీ చేశాక దుప్పట్ల మీద పసుపు, బాత్రూం జాలీలో వెంట్రుకలు, వంటింటి నిండా కొబ్బరి పీచు. తోమీ తోమీ చేతులు పోతున్నాయి.

కూర్చుని రేట్ కార్డ్ రాశాను. డబుల్ బెడ్‌రూం ఆరు వందలు. పసుపు మరకలుంటే ఎక్స్‌ట్రా. నాతో పనికొచ్చే సక్కుబాయికి అందులో మూడు వందలు. రాసింది నేనే, ఎవడిస్తాడులే అని భయపడిందీ నేనే.

జూలై 12, శుక్రవారం

ఇస్తున్నారు! ఇన్నాళ్లు నన్ను నేనే ముంచుకున్నాను.

జూలై 19, శుక్రవారం

సంతోష్‌రావు గారు ఫోన్ చేశారు. ఆయనవి ఇప్పటికే మూడిళ్లు నేనే చూస్తున్నాను. ఇప్పుడు వాళ్లుండే ఇల్లు కూడా చెయ్యాలట.

పోయిన నెల వాళ్లమ్మ సరళాదేవి గారు ఆ ఇంట్లోనే పోయారు. ధనిష్ఠలో పోయారు కాబట్టి ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టాలని పంతులు గారు చెప్పారు. వీళ్లు కరీంనగర్ వెళ్లిపోయారు. ఇల్లు ఊకె ఎందుకుండాలె, కిరాయి యాప్‌ల పెట్టిన, బయటి ఊరోళ్లకు ఏం ఎరుక అన్నారు.

ఆ ఇంట్లో అడుగు పెట్టే ధైర్యం నాకు లేదు. కాదనడానికి నోరు రాలేదు. ఆయనే వద్దనేలా రేటు చెబుదామని నోటికొచ్చింది చెప్పాను: పదమూడు వందల యాభై.

ఫినాయిల్ సీసా దగ్గర కూడా బేరమాడే మనిషి, సరే నవనీతా, గీ ముచ్చట మనిద్దరి నడుమనే ఉండాలె అన్నారు. బేరమాడి ఉంటే బాగుండేది.

జూలై 20, శనివారం

ఈ ఊరి ఆడవాళ్లెవరూ ఆ గడప తొక్కరు. సక్కుబాయి ఎక్కడో దూరాన ఉన్న బోథ్ నుంచి కూతురి దగ్గరికొచ్చి రెండు నెలలే అయింది. ఆమెకేం తెలియదు.

నేను చెప్పలేదు. మూడు వందలే అన్నాను. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి గేటు బయటే ఆగిపోయాను.

జూలై 23, మంగళవారం

అలాంటి ఇల్లు సక్కుబాయికి గంటన్నర పని. ఇక్కడ మూడు గంటలు పట్టింది. అడిగితే, జర పెద్దిల్లు గదా బిడ్డా అంది. అంత పెద్దదేం కాదు.

జూలై 30, మంగళవారం

మళ్లీ మూడు గంటలు.

ఆగస్టు 6, మంగళవారం, మధ్యాహ్నం 12



పొద్దున ఆ ఇంటి కిటికీ దగ్గరికి వెళ్లాను. లోపల సక్కుబాయి మాట్లాడుతోంది. ఫోన్లో అనుకున్నాను. ఆమె ఫోన్ నా స్కూటీ డిక్కీలో ఉంది.

బయటికొచ్చాక, ఎవరితో మాట్లాడావని అడిగాను. గా పెద్దమ్మతోని అంది. చీపురు పట్టిన కాడికెల్లి ఎంబడే ఉంటదట. తుడిసిందే మల్ల తుడిపిస్తదట. అల్మారి కింద, మంచం కింద, పూజ చేసే దేవునర్ర ముంగట. మస్తు సాదిస్తది గని మంచిదే బిడ్డా అంది.

ఎలా ఉంటుందన్నాను. తెల్లగుంటది, ఎడమ కాలు ఈడుస్తది అంది.

సరళాదేవి గారికి పక్షవాతం వచ్చి పడిపోయింది ఎడమ కాలే.

ఇంటామెనే గదా అని అడిగింది. అవునన్నాను. ఛీ, ఏం మనిషిని నేను!

ఆగస్టు 7, బుధవారం

పని రెండింతలు చేస్తున్నది సక్కుబాయి. రెండింతలకు మించి తీసుకుంటున్నది నేను.

ఆగస్టు 13, మంగళవారం

ఆమెకు రావాల్సిన మిగతా డబ్బు ఇవాళ ఇచ్చేద్దామనుకున్నాను. కవరు బయటికి తీసి, మళ్లీ బ్యాగులో పెట్టుకున్నాను. ఇస్తే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. చెబితే మానేస్తుంది. ఆమె మానేస్తే ఈ ఇల్లు పోతుంది, దాంతో రావు గారి మూడిళ్లూ పోతాయి. ఇన్ని లెక్కలు వేసుకున్నాను కానీ, లోపల ఆమెకేమైనా అయితే అన్న ఆలోచన చివర్న వచ్చింది. అందుకు సిగ్గుగా ఉంది.

ఆగస్టు 20, మంగళవారం

సక్కుబాయి పని ముగించి మెట్ల మీద కూర్చుంది. నీకెంత ఇస్తున్నరని పెద్దమ్మ అడిగింది బిడ్డా అంది. మూడు వందలని చెప్పిందట. పెద్దమ్మ నవ్విందట. నవనీత పదమూడు వందల యాభై తీసుకుంటున్నది గదా అన్నదట.

నిన్నేం అడుగుతలేను బిడ్డా, ఊకె చెప్తున్న అని చీర దులుపుకుని లేచింది.

సంతోష్‌రావు గారికి ఫోన్ చేశాను. రేటు సంగతి ఎవరికైనా చెప్పారా అని అడిగాను. మా ఇంటామెకు కూడా చెప్పలే, మా అమ్మ మీద ఒట్టు అన్నారు.

ఆగస్టు 21, బుధవారం

సక్కుబాయి ఇంటికి వెళ్లాను. ఆమెకు రావాల్సిందంతా ముందర పెట్టాను. ధనిష్ఠ సంగతి, ఇల్లు విడిచిపెట్టిన సంగతి, ఊళ్లో ఎవరూ రారని తెలిసే ఆమెను పంపిన సంగతి, అన్నీ చెప్పేశాను. ఏడ్చాను కూడా.

సచ్చిపోయిన మనిషని మొదటి దినమే ఎరుకైంది అంది. మరి ఎందుకు వెళ్లావంటే, బతికున్నోళ్లెవ్వరు నాతోని గంత సేపు ముచ్చట పెట్టరు బిడ్డా అంది. నువ్వు చెప్తవేమోనని చూసిన, చెప్పకపోతివి అంది.

డబ్బు తీసుకుంది. చాయ్ పోసింది. ఇగ నీ పనికి రాను అంది.

ఆగస్టు 27, మంగళవారం

ఎంత రేటు ఇస్తానన్నా ఆ ఇంటి పనికి ఎవరూ రాలేదు. నేనే వెళ్లాను. గంటన్నరలో అయిపోయింది. ఒక మూల కావాలనే తుడవకుండా వదిలేసి, చీపురు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

ఎవరూ తుడవమనలేదు.