సముద్రానికి పాస్‌పోర్టు ఫొటో

అమ్మాయికి మామయ్య దీవెనలు.

మీ ప్రెస్సు క్యాలెండరు అట్టకి సముద్రం ఫొటో కావాలన్న ఉత్తరం అందింది. నలభై ఏళ్ళు స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీశాను. వాటి కింద తీసినవాడి పేరు ఎవరు వేస్తారు? దిగినవాడే తన మొహం కాదంటాడు. ఒకాయన ఏడుసార్లు దిగి, చివరికి తమ్ముడి ఫొటో పట్టుకుపోయాడు, అదే తనలా ఉందని. ఆ కథ వేరు. స్టూడియో మూసేశాక నాకు మిగిలిన కోరిక ఒక్కటే. ఒక్క ఫొటో కింద నా పేరు అచ్చులో చూసుకోవాలి.

రాళ్ళ ఒడ్డున తీసినది పంపుతున్నాను.

ఆశతో,
మామయ్య

తా.క. అలల మీద ముడతలు ఎక్కువగా ఉంటే బ్రష్షుతో సర్దేశాను. పెద్ద రాయి బుగ్గ మీద మచ్చ కూడా తీసేశాను. కస్టమర్లందరికీ చేసేదే.

*

మామయ్యకు నమస్కారాలు.

ఫొటో చూసి మా మేనేజరు ఇది గచ్చు నేలా అని అడిగారు. ముడతలు తీసేస్తే ఇంక సముద్రంలో ఏముంటుంది మామయ్యా? ఆ మచ్చ రాయికి గుల్లలు పట్టిన చోటు. ఆకాశం కలిసే నీటిగీత నట్టనడుమ కాకుండా పైకి జరపండి. కింద సగం ఖాళీగా ఉంది, చూపు ఆనుకోవడానికి ముందు ఏదైనా ఉండాలి. నెలాఖరుకి అట్ట అచ్చుకి వెళ్తుంది.

మీ మేనకోడలు

తా.క. తెల్లవారే వేళ వెళ్ళండి. మిట్టమధ్యాహ్నం సముద్రం కూడా కళ్ళు చికిలిస్తుంది.

*

అమ్మాయికి,

ముందు ఏదైనా ఉండాలన్నావు కదా, స్టూడియో స్టూలు మోసుకెళ్ళి రాళ్ళ మీద వేసి మీ అత్తయ్యను కూర్చోబెట్టాను. "ఏదైనా అంటే నేనా?" అంది. గడ్డం కొంచెం పైకి అన్నాను. ఆమె ఎత్తింది. వెనక అల కూడా ఎత్తింది.

ఒక్క సంగతి చెప్పాలి. నీళ్ళు వెనక్కి లాగేటప్పుడు గులకరాళ్ళన్నీ ఒక్కసారిగా దొర్లుతాయి. ఆ చప్పుడు వింటూ ఫోకస్ సంగతే మరిచాను. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉన్నానా అనిపించింది.

తడిసిన మామయ్య

తా.క. స్టూలు కొట్టుకుపోయింది. మర్నాడు సముద్రం తిరిగి ఇచ్చింది, మూడు కాళ్ళతో.

*

మామయ్యకు,

అత్తయ్య ఫొటో చూసి, ఈవిడకి ఎందుకంత కోపం అని మేనేజరు అడిగారు. ముందు ఉండాలన్నది రాళ్ళు. కెమెరా నేలకి దించండి, దగ్గరి రాయి పెద్దగా పడుతుంది. మనిషి ఉంటే దూరంగా చీమంత ఉండాలి. అప్పుడే సముద్రం ఎంతుందో తెలుస్తుంది. ఇంక పది రోజులే గడువు.

మీ మేనకోడలు

తా.క. ఈ ఉత్తరం అత్తయ్యకు చూపించకండి.

*

అమ్మాయికి,

చూపించలేదు. ఆవిడే కవరు చించింది. "మొన్న 'ఏదైనా'ని, ఇవాళ చీమనా? నేను నిలబడను" అని కెమెరా స్టాండు పక్కన గొడుగేసుకుని కూర్చుంది.

కెమెరాని రెండు రాళ్ళ సందులోకి దించాను. మొదట అంతా సీసం రంగు. తర్వాత నీటిగీత మీద సన్నటి వెలుగు పుట్టి, తడిరాళ్ళ మీంచి ఒక్కో రాయే ముట్టించుకుంటూ నా కాళ్ళ దాకా వచ్చింది. దాని వెనకే ఒక అల లేచింది. లేస్తూనే ఉంది. లోపలంతా పచ్చటి వెలుగు. నలభై ఏళ్ళు జనాన్ని "కదలకండి" అన్నవాణ్ణి, ఆ అల ఎదుట నేనే అలా నిలబడిపోయాను. బటన్ నొక్కలేదు. కెమెరా వదిలి ముందుకు నడిచానని కూడా తెలీదు.

రీలులో ఉన్నవి ఉత్త రాళ్ళే. నువ్వే కడిగించు. నా పేరు అచ్చయ్యే రాత లేదులే. ఆశ్చర్యమేమిటంటే, దిగులుగా లేదు. అబద్ధం, కొంచెం ఉంది.

మామయ్య

తా.క. టోపీ తీసి చేత్తో పట్టుకున్నానట. ఎవరొచ్చారని తీశావని మీ అత్తయ్య అడిగింది. ఏం చెప్పను?

*

మామయ్యకు,

రీలులో చివరి ఫొటో చూసి మేనేజరు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ముందు నల్లటి రాళ్ళు, వాటి మీద వెలుగు, దూరంగా టోపీ పట్టుకున్న చీమంత మనిషి వీపు, ఆ మనిషికి మూడింతల పచ్చటి అల. మీరేనని నాకు తెలుసు. టైమరు పెట్టి తీశారా? నొక్కలేదని నాతో వేళాకోళమా? అట్టకి అదే ఖాయం. కింద మీ పేరు పెట్టేశాం. శుక్రవారం అచ్చు.

మురిసిపోతున్న మేనకోడలు

తా.క. నీటిగీత కాస్త ఒరిగింది. సరిచేస్తానంటే మేనేజరు నా చెయ్యి పట్టుకున్నారు.

*

అమ్మాయికి,

నా కెమెరాకి టైమరు లేదు. నీ ఉత్తరం చదివి మీ అత్తయ్య వైపు చూశాను. "నేనే నొక్కా. నువ్వు అలా అలలోకి నడిచిపోతుంటే, రేపు వెతికేవాళ్ళకి ఆనవాలుగా ఉంటుందని" అంది.

రెండు రోజులు ఈ ఉత్తరం రాయకుండా ఊరుకున్నాను. ఎందుకో నీకు తెలుసు. శుక్రవారం దాటితే చాలు కదా. కానీ ఆ ఫొటోలో నేను దిగినవాణ్ణి. దిగినవాడి పేరు కింద వేసుకోవడం మా వృత్తిలో లేదు. నా పేరు తీసేసి మీ అత్తయ్య పేరు వెయ్యి. పెద్ద అక్షరాల్లో వెయ్యి.

మామయ్య

తా.క. ఇంకో ఫొటో తియ్యమని నేనంటే ఆవిడ ఒప్పుకోలేదు. "నువ్వు నిలబడ్డ చోటు నుంచి ఏం కనిపించిందో అది చూపించు" అంది. రేపు తెల్లవారుజామునే వెళ్తున్నాం. కెమెరా ఇంట్లోనే ఉంటుంది.