అవతలి తాడు

కోటబొమ్మాళి,
సోమవారం.

బావా,

నువ్వు అడిగిన స్టాంపు కాగితాలూ, గది అద్దె ఒప్పందమూ ఈ కవర్లోనే పెట్టాను. వాటి మధ్య ఈ ఉత్తరం. ఫోన్లో చెప్పొచ్చు కదే అంటావు. నీ ఫోన్ ఎప్పుడు చూసినా స్పీకర్ మీదే ఉంటుంది. నేను "బావా" అనగానే అటునుంచి ఇంకెవరో "హలో మేడమ్" అంటారు. మొగుడితో మాట్లాడుతున్నానో మీటింగులో కూర్చున్నానో నాకే తెలియడం లేదు. అందుకని రాస్తున్నాను. శుక్రవారం సంతకం పెట్టే ముందు ఇది చదువు.

మన కంపెనీని కొనేవాళ్లకి దాని చరిత్ర ఒక పేజీ కావాలన్నావు, తేదీలు నీకే గుర్తుంటాయి, నువ్వే రాయి అన్నావు. రాశాను. పెయింట్ల కొట్టు మేడ మీది గదిలో 'జంటతాడు గేమ్స్' ఎలా మొదలైందో, 'అలివి' ఆట ఎంతమంది ఫోన్లలోకి వెళ్లిందో, పత్రికలో మన ఫోటో ఎప్పుడు పడిందో అన్నీ అందులో ఉన్నాయి. చదివితే నాకే గర్వంగా అనిపించింది. ఆ పేజీలో రాయకుండా వదిలేసిన చరిత్ర ఇంకొంచెం ఉంది, అది ఇక్కడ రాస్తున్నాను.

పెళ్లయిన కొత్తలో మా నాన్న నిన్ను నౌపడ అవతల మా ఊరి ఒడ్డుకి తీసుకెళ్లాడు, గుర్తుందా? నువ్వు చీపురుపల్లి రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాడివి, సముద్రం నీకు సెలవులకి వచ్చి చూసే వింత. పడవ అలివి వలని లోపలికి తీసుకెళ్లి చుట్టు తిప్పి తెచ్చింది. దాని రెండు తాళ్లూ ఒడ్డున దూరం దూరంగా రెండు గుంపుల చేతుల్లో ఉన్నాయి. రెండు వైపులా ఒకే ఊపున లాగకపోతే వల పక్కకి తిరిగిపోయి చేప జారుకుంటుంది. నువ్వు నీ బలమంతా చూపించి గబగబా లాగేస్తుంటే నాన్న అరిచాడు. "ఓరల్లుడా, నెమ్మది! కెరటం లాగినప్పుడు వదలాల, తోసినప్పుడు లాగాల. అవతలోడి అలుపు నీ తాడులోనే తెలస్తాది సూడు!" ఆ రాత్రి నువ్వు నిద్రపోలేదు. రెండు ఊళ్లలో, రెండు ఫోన్లలో, ముఖం తెలియని ఇద్దరు మనుషులు ఒక వల లాగే ఆట. ఒక్కరు ఎంత లాగినా రాకూడదు. అదే మన కంపెనీ.

ఆట బాగానే నడిచింది కానీ తాడు పట్టుకున్నవాళ్లకి అవతల మనిషి దొరకడం కష్టమైంది. ఎదురుచూసి ఎదురుచూసి విసిగి వెళ్లిపోయేవారు. అప్పుడు నువ్వు ఒక ప్రోగ్రామ్ రాశావు, అవతల ఎవరూ లేకపోతే అది వచ్చి లాగాలని. దానికి మా నాన్నమ్మ పేరు, అసిరమ్మ అని పెట్టి నాకు చూపించావు. అది బియ్యం మిల్లులాగ ఒకే లెక్కన లాగేది బావా. అలుపు లేదు, ఆగడం లేదు, అవతలివాళ్లు ఎలా ఉన్నారో పట్టదు. నువ్వు పెట్టుబడి కోసం హైదరాబాద్ వెళ్లిన వారంలోనే జనం తిట్టడం మొదలుపెట్టారు. నేను దాని స్విచ్ ఆపేసి, ఆ పేరుతో నేనే ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మన దగ్గర పనిచేసే ఝాన్సీ, ధనలక్ష్మి కూడా కూర్చున్నారు. ముగ్గురం వల లాగే ఇళ్లలో పుట్టినవాళ్లమే, మాకు నేర్పేదేముంది?

నువ్వు వచ్చాక చెబుదామనుకున్నాను. వచ్చావు, లెక్కలు చూశావు, నన్ను ఎత్తి గిరగిరా తిప్పావు. "పద్మా, అసిరమ్మ నేర్సేసుకుందే! మనిసిలాగ లాగతన్నాది!" నిన్ను అంత సంతోషంగా చూసి చాలా రోజులైంది. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు రాకుండానే నువ్వు మళ్లీ రైలెక్కేశావు.

తర్వాత ఝాన్సీ శ్రీకాకుళంలో బట్టల షాపుకి వెళ్లిపోయింది. ధనలక్ష్మికి పెళ్లయింది. ఇప్పుడు ఈ గదిలో నేనూ, బల్ల మీద మూడు ఫోన్లూ. మన ఆట ఆడేవాళ్లు కూడా తగ్గిపోయారు కాబట్టి నా రెండు చేతులు సరిపోతున్నాయి. పొద్దున్న తాళం తీస్తాను, సాయంత్రం వేస్తాను. మధ్యలో నాతో మాట్లాడేది కింద కొట్టులో రంగులు కలిపే మిషన్ ఒక్కటే.

మొన్న నువ్వు ఫోన్లో ఎంత నవ్వావు! కొనే కంపెనీలో అనూరాధ గారు అసిరమ్మని చూసి దిమ్మెరపోయిందట. మధ్యాహ్నం ఒంటిగంటకి అసిరమ్మ కాసేపు కనిపించదట, మనుషుల్లా భోజనానికి వెళ్లినట్టు ఎంత చక్కగా రాశారో అందట. పోయిన నెల ఒక వారం నీరసంగా లాగిందట, దానికి మూడ్ కూడా పెట్టారే అందట. బావా, ఆ వారం నాకు జ్వరం. నీకు చెప్పాను కూడా. "మాత్ర ఏసుకో, అసిరమ్మ ఎలాగున్నాది?" అన్నావు. ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చాను. నా మీద నాకే కుళ్లు పుట్టింది. రోజూ దాని గురించి అంత ముద్దుగా అడుగుతావు, ఈ గదిలో రోజంతా ఏం చేస్తున్నావే అని నన్ను ఒక్కసారీ అడగలేదు.

నౌపడ ఉప్పుమడుల దగ్గర కాపలా ఉండే జోగయ్య గారని ఒకాయన రోజూ ఆడతాడు. ఆ వారం ఆయన ఆటలో రాశాడు: "అమ్మా అసిరమ్మా, తాడు బరువుగా ఒస్తన్నాది. ఒంట్లో బాగోలేదేటి?" ముఖం తెలియని మనిషికి తాడులో తెలిసింది.

వాళ్లు కొంటున్నది నన్ను బావా, నన్నెవరూ అడగలేదు. బుధవారం సాయంత్రం మూడు ఫోన్లూ కట్టేస్తాను. నీ పరువు తీయాలని కాదు, అబద్ధం మీద నువ్వు సంతకం పెట్టకూడదని. కోపం వస్తే రానీ.

ఇట్లు,
ఇన్నాళ్లూ నువ్వు పొగిడిన
అసిరమ్మ

* * *

హైదరాబాద్,
శుక్రవారం.

పద్మా,

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. అందుకే నేనూ కాగితం తీశాను.

నీ ఉత్తరం చదవగానే నాకు కోపమే వచ్చింది. సిగ్గు తర్వాత వచ్చింది. జీవితంలో నా చేత్తో చేసిన ఒకే ఒక్క గొప్ప పని అసిరమ్మ అనుకున్నాను. ఎక్కడికి వెళ్లినా దాన్ని చూపించే తలెత్తుకున్నాను. అది నాది కాదని నువ్వు రాస్తే నమ్మలేక మన కోడ్ తెరిచి చూశాను. స్విచ్ ఆపేసే ఉంది. నేను దాన్ని తెరిచి చూడక ఎన్నాళ్లయిందో అప్పుడు తెలిసింది.

నిన్న పొద్దున్న హాస్టల్ గదిలో కూర్చుని ఆట తెరిచి తాడు పట్టుకున్నాను. అవతల ఎవరూ రాలేదు. నాలాగే ఎదురుచూసేవాళ్ల పేర్లు తెర మీద కనిపిస్తూనే ఉన్నాయి. అందరూ అసిరమ్మకి అలవాటుపడ్డవాళ్లే, ఒకరినొకరు పట్టుకోవడం మర్చిపోయారు. ఎంత లాగినా నా వల కదల్లేదు.

ఈ రోజు సంతకం పెట్టలేదు. అనూరాధ గారికి అంతా చెప్పేశాను. ఆవిడ అంతా విని ఇంకో మాట అడిగింది. ఇన్నేళ్లుగా నీ చెయ్యి ఎప్పుడు లాగిందో, ఎప్పుడు వదిలిందో అంతా మన సర్వర్లో ఉందట. అది ఇస్తే దానితో నిజమైన అసిరమ్మని తయారుచేస్తారట, అప్పుడు కంపెనీ కొంటారట. ఎప్పటిలా సరేనండీ అనబోయాను. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, అది మా ఆవిడ చెయ్యి, ఆమెనే అడగాలి అన్నాను. ఇవ్వకపోతే ఈ నెలాఖరుకి కంపెనీ మూసుకోవాల్సిందే, నీకు తెలుసు.

ఆ సంగతి నువ్వే చెప్పు. దానికంటే ముందు నేను అడగాల్సింది ఒకటుంది, ఆలస్యమైనా అడుగుతున్నాను. ఈయాల రోజంతా ఏటి సేసినావే పద్మా?

త్రినాథ్

* * *

కోటబొమ్మాళి,
మంగళవారం.

బావా,

అడిగావు కాబట్టి చెబుతాను. నువ్వు ఉత్తరం రాసిన ఆ శుక్రవారం పొద్దున్నే మా ఊరు వెళ్లాను. ఒడ్డున వల వేసి ఉంది. "ఒసే పద్మా, సూస్తావేటి? పట్టు!" అన్నాడు నాన్న. పట్టాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఫోన్ మీద ఎన్నేళ్లు లాగినా ఈ చేతులకి ఏమీ కాలేదు, అది తలుచుకుంటే ఎందుకో ఏడుపొచ్చింది. చేప పెద్దగా పడలేదు.

నా చెయ్యి ఇవ్వను. డబ్బు తక్కువని కాదు. నేను లేని చోట నా చెయ్యి ఎవరో తెలియనివాళ్ల తాడు పట్టుకుని, వాళ్లు అలిసిపోతే తెలిసినట్టు నటించడం నాకు ఇష్టం లేదు. కంపెనీ మూసేయాలంటే మూసేద్దాం. కాగితాలు పంపితే సంతకం పెడతాను. నెలాఖరు దాకా మాత్రం పొద్దున్న పది నుంచి సాయంత్రం ఆరు వరకూ ఇక్కడే కూర్చుంటాను. అసిరమ్మ పేరు తీసేశాను. ఇప్పుడు ఆటలో నా పేరు పద్మకుమారి అనే ఉంటుంది.

జోగయ్య గారు నిన్న నా తాడుకి తగిలాడు. "కొత్తగా ఒచ్చినావేటమ్మా?" అని రాశాడు. నేను జవాబు రాసేలోపే, రెండు కెరటాలు లాగి, "ఓసి నువ్వేనా!" అని రాశాడు. ఈ గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఎంతసేపు నవ్వానో.

నిన్ను రమ్మని నేను అడగను. రావాలనిపిస్తే ముందు ఆటలోకి రా, వల ఒక్కటైనా బయటికి తీద్దాం. వేరే పేరు పెట్టుకుని మాత్రం రావద్దు. అవతల ఉన్నది నువ్వో కాదో తాడులో నాకు తెలిసిపోతుంది. నువ్వు ఇప్పటికీ గబగబా లాగేస్తావు.

ఇట్లు,
పద్మకుమారి