నవమినాడు బ్యాటరీని ఆపినది నేనే

ఫిల్మ్‌నగర్, హైదరాబాదు,
25-10-2021.

విద్యుత్ ప్రయోగాల పరిశీలన సంఘం అధ్యక్షులవారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గాలి కరెంటు, బ్యాటరీ ప్రయోగం విఫలమైనదని ఈ నెల 28న తమరు తీర్మానించుటకు ముందు అసలు దోషి ఇచ్చుకొను వాంగ్మూలం.

సినిమా షూటింగులకు జనరేటర్ బండి మీద ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి మానుకున్న రామలింగం, వయస్సు 69, తలవంచుకొని విన్నవించుకొనునది.

1. ప్రయోగానికి ప్రోగ్రాం రాసిన ఇంజనీరు వర్ణిక నా ఏకైక కుమార్తె. నా చదువు ఏడో తరగతి. ఆమె పని నాకు అర్థమైనంతలో ఇది: సెట్లో పెద్ద లైట్లన్నీ ఒక్కసారి వేస్తే ఇంజను గొంతు దిగుతుంది, ఫ్రీక్వెన్సీ మీటరు యాభై నుంచి జారుతుంది, తెరమీద బొమ్మ మినుకుమంటుంది. వెంటనే నేను థ్రాటిల్ ఇచ్చి, ఇంజను వేగం పెంచి నిలబెట్టేవాణ్ణి. దేశమంతటి కరెంటుకూ ఆ యాభైయే ప్రాణమట. అది జారితే అనంతపురం వైపు గాలిమరలు, జూబ్లీ హిల్స్‌లో ఆమె కంపెనీ పెరట్లో ఉన్న బ్యాటరీ క్షణంలో అందుకొని నిలబెట్టాలట. నేను చేత్తో చేసిన పనిని నా బిడ్డ గాలితో చేయిస్తోందయ్యా! ఈ మాట శ్రీనగర్ కాలనీ దాకా చెప్పని గడప లేదు.

2. 14వ తేదీ మహర్నవమి. మా జనరేటర్ వాళ్ళం ఆనాడు ఇంజను ఆపి, కడిగి, పసుపు కుంకుమలు పెడతాం. తిరిగే యంత్రానికి బొట్టు పెట్టం. ఆఫీసుకు సెలవు. నా కూతురి యంత్రానికి పూజ చేసే దిక్కు లేదని దండ, కొబ్బరికాయ పట్టుకొని వెళ్ళాను. రోజూ అమ్మాయికి క్యారేజీ తెచ్చే మనిషినని గేటు దగ్గర వాచ్‌మన్ హనుమంతు నన్ను ఆపలేదు.

"ఏంది కాకా, గిదానికి గూడ పూజనా? సప్పుడే లేదు గదా!"

"చప్పుడు లేకపోతే ప్రాణం లేదంట్రా?"

"జర జల్ది కానీ. సారు చూస్తే నా నౌకరి పోతది."

బ్యాటరీ తలుపు పక్కన దాన్ని ఆపే ఎర్ర మీట ఉంది. మీటల విషయంలో నా చెయ్యి ఎన్నడూ తప్పలేదు. దించాను. బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, మళ్ళీ ఎత్తి వచ్చాను. ప్రయోగానికి పండగ సెలవు ఉండదని నాకు తోచనే లేదు.

3. ఆ కాసేపట్లోనే ఎక్కడో పెద్ద విద్యుత్ కేంద్రం ఆగిపోయి యాభై జారిందట. గాలిమరలు అందుకున్నాయి, బ్యాటరీ కదలలేదు. "ప్రోగ్రాం లోపం" అని తమ నోటీసు. అమ్మాయి ఆరు రోజులు అన్నం ముట్టలేదు. రాసినదంతా మొదటి నుంచి వెతుకుతూ, "నాకు తప్పు దొరకడం లేదు నాన్నా" అంది. నిన్న ఆ నోటీసు నాకు చదివి వినిపించింది. "నవమినాడు, పదకొండున్నర ప్రాంతంలో" అనగానే నాకు సంగతి తెలిసిపోయింది. అయ్యా, దాచను, మొదట నాకు కలిగినది సంతోషం. నా బిడ్డ తప్పు చేయలేదు! వంటింట్లోకి పోయి సుబ్బులు చేతులు పట్టుకొని గిర్రున తిప్పాను. "మతి పోయిందా మీకు?" అంది నా భార్య. సంగతి చెప్పాను. చేతులు విడిపించుకొని, "ఈ మాట దానికి చెప్పారా?" అంది.

చెప్పలేదు. అమ్మాయి ముఖం చూస్తే నోరు రాలేదు. అందుకే ముందుగా తమకు రాస్తున్నాను.

4. కావున నేరం నాది. ఏ శిక్షకైనా సిద్ధం. హనుమంతును వదిలేయండి, నన్ను నమ్మడమే అతడు చేసిన పొరపాటు. మరొక్క పరీక్ష పెట్టించండి. ఆనాడు నేను ఫిల్మ్‌నగర్ దాటనని రాసి ఇస్తాను.

దయయుంచి ఈ ముసలివాని మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రామలింగం

తా.క.: ఇది కవరులో పెడుతుండగా అమ్మాయి చూసింది, చదివింది. తిట్టినా బాగుండేది. తర్వాత కంప్యూటరు తెరిచి, "మీట మళ్ళీ ఎప్పుడు ఎత్తావ్?" అంది. హనుమంతు తొందరపెడుతూ టైము చెప్పాడు కాబట్టి గుర్తుంది, పదకొండూ నలభై ఒకటి. ఆమె వేలు తెరమీద ఒక గీత దగ్గర ఆగింది. యాభై అప్పటికింకా కిందే ఉంది. నేను మీట ఎత్తిన మరు సెకనులోనే బ్యాటరీ అందుకుంది. అంటే ప్రోగ్రాంలో లోపం లేదు. తమ నోటీసులో ఆ గీత లేదయ్యా, ఆ నిమిషానికి ముందే లెక్క ఆపేశారు. ఆ గీత ఉన్న కాగితం జతచేశాను. "ఈ ఉత్తరం నేనే తీసుకెళ్ళి ఇస్తాను. నువ్వూ రా. అడిగితే నీ నోటితోనే చెప్పాలి" అంది. రేపు పది గంటలకు తమ గుమ్మం ముందు ఇద్దరం ఉంటాం. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు.