బ్రిజిడ్‌ను మన సినిమాకు తీసుకెళ్ళాను

అక్కయ్యకూ బావగారికీ సుజాత నమస్కారాలు.

నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారు ఆటోనగర్ షాపు నుంచి వేళకు భోజనానికి వస్తున్నారా? మా ఆయనా బుజ్జీ రోజూ మీ ఇంట్లోనే తింటున్నారన్న ఒక్క ధైర్యంతోనే నేనిక్కడ నిశ్చింతగా నిద్రపోతున్నాను. నా గురించి దిగులు పెట్టుకోకు. ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నా, ఇది మాత్రం రాయాలనిపించింది. ఫోనైతే సగంలో బుజ్జి లాక్కుంటుంది.

ఐర్లాండులో ఎండ వచ్చింది గదా అని కోటు విప్పితే వాన పడుతుంది. ఆసుపత్రి పని అలవాటైంది. నా వార్డులోనే బ్రిజిడ్ అని అరవైకి దగ్గరపడ్డ ఇక్కడి నర్సే ఒకావిడ ఉంది. మొదట్లో నేను క్యాంటీన్లో ఒక్కదాన్నే కూర్చుని తింటుంటే, తన ప్లేటు తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నది ఆవిడే. నా పప్పుచారు ఒక చెంచా అడిగి మరీ తాగింది.

పోయిన నెల క్యాంటీన్లో ఒకతను మన సినిమా ముక్క ఫోన్లో అందరికీ చూపించాడు. హీరో ఒంటిచేత్తో లారీని ఆపుతాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను అక్కా. ఆ తర్వాత ముద్ద దిగలేదు. అదే వారం బావగారు వీడియోలు పంపారు గదా, తెల్లవాళ్ళు మన సినిమాలు చూసి నోరెళ్ళబెట్టేవి. వాటిని మళ్ళీ మళ్ళీ పెట్టుకుని చూశాను. వాళ్ళు బాగుందన్న చోటల్లా ప్రాణం కుదుటపడేది.

ఇంతలో పక్క ఊళ్ళో ఆదివారం పొద్దున తెలుగు సినిమా వేస్తున్నారని తెలిసి బ్రిజిడ్‌ను రమ్మన్నాను. నైట్ డ్యూటీ చేసి కూడా వచ్చింది పాపం. బస్సులోనే మొదలుపెట్టాను, పాటలు ఎక్కువుంటాయనీ, ఫైట్లు నిజమనుకోవద్దనీ, విసుగొస్తే మధ్యలో వెళ్ళిపోదామనీ.

హాలు సగం మనవాళ్ళతోనే నిండింది. నాకు ఒకపక్క బ్రిజిడ్, ఇంకోపక్క గుడివాడ నుంచి కూతురింటికి వచ్చిన రాజ్యలక్ష్మిగారనే పెద్దావిడ. హీరో రాగానే వెనక ఈలలు. నాకు సిగ్గేసింది. ప్రతి సీనుకీ బ్రిజిడ్ ముఖమే చూస్తున్నాను. నవ్విందా, ఎందుకు నవ్వింది, కనుబొమ్మ ఎందుకు ఎత్తింది అని. నేనే కాదు, ఆ వరసలో చాలామంది ఆవిణ్ణే చూస్తున్నారు.

రాజ్యలక్ష్మిగారు మోచేత్తో పొడిచారు. "ఏమ్మా, బొమ్మ అటుంటే నువ్విటు చూస్తావేంటి? ఆవిడేమన్నా పరీక్ష పేపర్లు దిద్దుతోందా?"

"ఆవిడకి నచ్చుతుందో లేదోనండీ."

"నచ్చకపోతే నచ్చదు. మా అల్లుడికి నా పులుసు నచ్చదు, నేను పెట్టడం మానేశానా? నీకు నచ్చిందా, అది చెప్పు."

అప్పటికి నాకు కథేమిటో కూడా తెలియదు.

మళ్ళీ ఇటు తిరిగితే బ్రిజిడ్ హాయిగా నిద్రపోతోంది. ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. ఆ వెంటనే నెత్తి మీద బరువేదో దించినట్టయింది. నా శాలువా ఆవిడకు కప్పి తెరవైపు తిరిగాను.

రేవు దగ్గర అక్క చెల్లెలికి జడ వేస్తోంది. చెల్లెలు పడవెక్కి వెళ్ళిపోవాలి. అక్క జడంతా అల్లి, బాగా రాలేదని విప్పి మళ్ళీ అల్లుతుంది. పడవవాడు కేకలేస్తుంటే మళ్ళీ విప్పుతుంది. గన్నవరం ఎయిర్‌పోర్టులో నువ్వు నా సూట్‌కేసు తాళం తీసి వేసి, తీసి వేసి చేశావు చూడు, అది గుర్తొచ్చి వెక్కివెక్కి ఏడ్చాను. పక్కన రాజ్యలక్ష్మిగారు కొంగుతో ముక్కు తుడుచుకుంటున్నారు. ఆ తర్వాతి ఫైటుకి నేను ఈల వేశాను. నమ్మవు గానీ, నిజంగా వేశాను.

బయటికొచ్చాక బ్రిజిడ్ నిద్రపోయానని ఒకటే నొచ్చుకుంది. టీ తాగుతూ కథంతా నేనే చెప్పాను. ఈసారి దేనికీ సంజాయిషీ ఇవ్వలేదు. జడ సంగతి చెప్పి, నువ్వు సూట్‌కేసు తాళం తీసి వేసిన సంగతీ చెప్పాను. ఆవిడ కప్పు కింద పెట్టి, "మా అక్క పనికోసం ఇంగ్లండు వెళ్ళిన రోజు మా అమ్మ గిన్నెలు తోముతూనే ఉంది. తల ఎత్తలేదు" అంది. ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం. సినిమా బాగుందా అని నేనడగలేదు.

మొన్న క్యాంటీన్లో అతను మళ్ళీ ఆ లారీ ముక్క ఫోన్లో చూపించాడు. "లారీ అలా ఆగదని మాకూ తెలుసు. ఆగితే బాగుండని ఈలలు వేస్తాం" అన్నాను. అతనికి ఏమర్థమైందో గానీ, నేను మాత్రం కడుపునిండా తిన్నాను.

పరీక్షలు అయిపోగానే నువ్వు నన్ను గాంధీనగర్ హాళ్ళకు తీసుకెళ్ళేదానివి. ఏడుపొస్తే ఏడ్చేదానివి, పక్కనెవరున్నారో చూసుకునేదానివి కాదు. నాకు సినిమా చూడడం నేర్పింది నువ్వే. ఈ మాట నీకెప్పుడూ చెప్పలేదు. ఇక్కడికి వచ్చాక తెలిసింది, నువ్వు నాకెంత ఇచ్చావో.

ఎవరైనా ఇటు వస్తుంటే కందిపొడీ ఉసిరికాయ పచ్చడీ పంపు. బావగారిని వీడియోలు పంపొద్దనకు, ఆయన సంతోషం ఆయనది. పెద్దనాన్నగారికి నా నమస్కారాలు. బుజ్జికి ముద్దులు.

ఆ సినిమా బెజవాడలో ఇంకా ఆడుతుంటే ఒకసారి వెళ్ళు. బాగుందో లేదో నువ్వు చెప్పు. నాకు నీ మాట కావాలి.

నీ దీవెనలు కోరుతూ,
నీ చెల్లెలు
సుజాత