నీళ్లలో ఆగిన బండి తాళం

బాపూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. మొన్న నీ సంవత్సరీకం సామాన్లు కొనుక్కుని అఫ్జల్‌గంజ్ నుంచి అమ్మతో కారులో వస్తుంటే వాన పట్టుకుంది. శాలిబండ దగ్గర రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. నువ్వు నేర్పినట్టే ఫస్ట్ గేరులో, యాక్సిలేటర్ వదలకుండా నడిపాను. ఎదురుగా వచ్చిన బస్సు లేపిన నీళ్లు బానెట్ మీదికి ఎక్కాయి. బండి ఆగిపోయింది.

నా చెయ్యి తిన్నగా తాళం మీదికే పోయింది. అమ్మ పట్టుకుని ఆపింది.

"తాళం ఇటియ్యి. నీళ్లు పోయిన ఇంజన్ తిప్పితే రాడ్డు వంగుతది."

నీళ్లలో ఆగిన ఏ బండి రిపేరుకు పోయినా నువ్వు ముందు ఓనరు దగ్గర తాళం లాక్కుని జేబులో వేసుకునేవాడివి. అమ్మ కొంగున ముడేసుకుంది.

బండిని నెట్టించి నీ షెడ్డుకే చేర్చాను. నీ దగ్గర పని నేర్చిన యూసుఫ్ భాయ్ ప్లగ్గులు విప్పి, చేత్తోనే ఇంజన్ తిప్పి నీళ్లు తీసేశాడు. అన్నీ ఆరాక నిన్న తాళం అడిగాడు.

"ఇంకో గంట ఆగు. ఆయన గట్లనే ఆగేటోడు," అంది అమ్మ.

"ఆగుత అమ్మా, ఫికర్ జేయకు."

ఆగాం. తర్వాత ఒక్క సెల్ఫుకే స్టార్టయింది.

బండి ఇంటి ముందే ఉంది. ఈ రోజు డ్యూటీకి ఆటోలో పోయాను. తాళం మళ్లీ అమ్మ కొంగుముడిలోనే ఉంది. అడగబుద్ధి కాలేదు.